పాటల సొరంగం

సిరికొండ,
జూలై 6

మామా,

ముందు అమ్మ సంగతి చెప్తాను, లేకపోతే నువ్వు మిగతాది చదవవు. అన్నం బాగానే తింటోంది. కుడి కాలు ఈడ్చుకుంటూ అయినా వాకిలి దాకా నడుస్తోంది. మాట మాత్రం లేదు. ఏప్రిల్‌లో పక్షవాతం వచ్చిన రోజు పోయిన మాట పోయినట్టే ఉంది. మంచినీళ్లు కావాలన్నా చేయి చూపిస్తుంది. నలభై మంది ఆడవాళ్ల ముందు నిలబడి పాట ఎత్తి, చెరుకు తోటల్లో కలుపు తీయించిన హన్మవ్వ ఇట్లా సైగలు చేస్తుంటే నాకు బడికి పోయి పాఠం చెప్పబుద్ధి కాదు.

మొన్న నిజామాబాద్ డాక్టరమ్మ ఒక కొత్త సంగతి చెప్పింది. మాట పోయిన వాళ్లలో కొందరికి పాట పోదట. తలలో మాట ఉండే చోటు వేరు, పాట ఉండే చోటు వేరట. "ఆమె పాడినవి ఉంటే రోజూ ఒకే వేళకు వినిపించు. ఆమె గొంతే ఆమెను పిలవాలి. ఆరు నెలల లోపల కదలిక వస్తే వచ్చినట్టు, దాటితే నేను ఆశ పెట్టను" అంది. అంటే మనకు దసరా దాకా గడువు.

పాటలు ఎక్కడున్నాయో నీకు తెలుసు. కాలేజీ రోజుల నుంచి అమ్మ వెంట పొలాల్లో తిరిగి నేను తీసిన పదకొండేళ్ల వీడియోలు, ఈ ఊరి బడిలో కొలువుకు వచ్చేటప్పుడు మీ ముందు గదిలో వదిలి వచ్చిన నా పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆ డిస్కు ముసలిదైంది, బస్సులో కుదిపితే పోతుందని దుకాణం అతను చెప్పాడు కాబట్టే నేను ఇక్కడికి తెచ్చుకోలేదు. అన్నీ కలిపి కాపీ పెడితే పది నిమిషాలకు మొండికేస్తుంది. ఒక్కటి అడిగితే ఇస్తుంది. ఏది పాటో, ఏది వట్టి ముచ్చటో విని ఏరాలి. అది నీవల్ల కాదు, నీ చెవులు ఫ్యాక్టరీకి ఇచ్చేశావు.

అందుకని ఒక ఉపాయం. ఆ కంప్యూటర్‌ను అక్కడే ఉంచి వీపీఎన్ సర్వర్‌గా మార్చుదాం. అంటే మీ ఇంటి నుంచి నా ల్యాప్‌టాప్ దాకా ఇంటర్నెట్ లోపల ఒక సొరంగం. నేను ఇక్కడ కూర్చునే మీ ముందు గదిలో ఉన్నట్టు ఆ పాటలు తెరవగలను. చేయాల్సింది మాత్రం నువ్వే. చేస్తావా?

నీ సింధూజ

—

శక్కర్‌నగర్, బోధన్,
జూలై 13

సింధూ బిడ్డా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒకసారి చెల్లె కోసం, మూడుసార్లు ఆ వీపీఎన్ కోసం. సగమే తలకెక్కింది. ఆ సగానికే తల తిరిగింది.

నాకు అర్థమైంది రాస్తాను, తప్పుంటే దిద్దు. ఇంటర్నెట్ అంటే లోకానికంతా కలిపి ఉన్న పెద్ద పైపు. దాని లోపల మనం ఇంకో సన్న పైపు వేస్తాం. ఒక కొస మా ముందు గదిలో, ఇంకో కొస నీ దగ్గర. పెద్ద పైపులో తిరిగే వాళ్లకు సన్న పైపులో ఏం పోతుందో కనిపించదు. అంతేనా? అంతే అయితే ఇది కనిపెట్టిన వాళ్లకు దండం పెట్టాలి. చెరుకు ఆడే రోలర్ల పక్కన ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్‌గా ఉన్నాను, ఎన్నో మైళ్ల ఆవిరి పైపులు బిగించాను. పైపులో పైపు వేసి దాన్ని సిరికొండ గుట్టలు దాటించవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

మీ అత్త గంగమణికి ఒకటే బెంగ. నాకు వినబడదు గాని ఆమె పెదాలు చదవడం అలవాటే. "ఇంటికి కొత్త తలుపు వెట్టవడితివి. గా తలుపుల కెల్లి దొంగలొస్తె ఎట్ల?" అంటోంది. గంగమణి అడిగిందని కొట్టిపారేయకు, నాకూ అదే అనుమానం. జవాబు రాయి.

ఇంకొకటి. పనులు ఫోన్‌లో పంపితే చేయను. ఆ చీమల అక్షరాలు నాకు కనబడవు. ఫ్యాక్టరీలో ఏ పనికైనా ముందు కాగితం వచ్చేది. ఒకటో పని, రెండో పని, ఏది ముట్టొద్దు, ఎక్కడ ఆగాలి. అయినదాని మీద ఎర్ర పెన్సిల్ గీత. అట్లా రాసి పంపు. చేస్తావా అని అడిగావు చూడు, దానికి మాత్రం నీ చెవి మెలిపెట్టాలి. అది నా చెల్లె.

మామ సిద్దిరాములు

—

సిరికొండ,
జూలై 20

ఫిట్టరు మామకు,

మూడు తరగతుల పిల్లలకు అర్థం కాని సంగతిని నువ్వు ఒక్క పైపుతో తేల్చేశావు. ఆ పేరా చదివి నేను బడి వరండాలో నోరు తెరుచుకుని కూర్చున్నాను. దిద్దడానికి ఏమీ లేదు.

పనుల కాగితం విడిగా పెట్టాను, పెద్ద అక్షరాలతో. కంప్యూటర్ నిద్రపోకుండా చేయడం, సర్వర్ ప్రోగ్రామ్ ఎక్కించడం, రౌటర్‌లో ఒకే ఒక్క పోర్టు తెరవడం. పోర్టు అంటే నీ భాషలో వాల్వు. మిగతా వాల్వులు ఏవీ ముట్టొద్దు. నాలుగో పనికి నువ్వు ఇంటర్నెట్ ఆఫీసుకు పోవాలి. ఇప్పుడు మీ గల్లీ ఇళ్లన్నిటికీ కలిపి బయటికి ఒకటే చిరునామా ఉంది. నేను బయటి నుంచి వెతుక్కుంటూ వస్తే ఏ ఇల్లో తెలియదు. మన ఇంటికి సొంత చిరునామా కావాలని అడుగు.

ఇక అత్త భయానికి జవాబు. ఆ ప్రోగ్రామ్ మొదలుపెట్టగానే రెండు తాళంచెవులు పుడతాయి. ఒకటి దాచుకునేది, అది ఆ కంప్యూటర్ దాటి రాకూడదు. ఇంకొకటి చూపించేది. దాన్ని ఊరంతా చూసినా, గోడ మీద రాసినా ఏమీ కాదు. చూపించేదాన్ని పట్టుకుని దాచినదాన్ని తయారు చేయడం ఎవరి తరమూ కాదు. నా దగ్గరా అట్లాంటి జతే ఉంది. నా చూపించేది నీకు, నీ చూపించేది నాకు. ఆ రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే తలుపు తెరుచుకుంటుంది. గుర్తుపట్టకపోతే తలుపు ఉన్నట్టు కూడా బయటివాళ్లకు తెలియదు.

నా తాళంచెవిని ఈ కాగితం వెనక రాశాను. నలభై నాలుగు అక్షరాలు. నీదీ అట్లాగే రాసి పంపు.

సింధూ

—

శక్కర్‌నగర్, బోధన్,
ఆగస్టు 3

బిడ్డా,

అన్ని పనుల మీదా ఎర్ర గీత పడింది. ఎట్లా పడిందో చెప్తాను.

ఇంటర్నెట్ ఆఫీసులో ప్రశాంత్ అని ఒక పిల్లగాడు. "నా ఇంటికి సొంత చిరునామా కావాలి" అని చీటీ రాసుకుని పోయి ముందు పెట్టాను. అతను నవ్వి, అదే చీటీ మీద "ఏం జేస్తవు తాతా, సినిమాలు జూస్తవా?" అని రాశాడు. తాత అన్నందుకు నాకు మండింది. పెన్ను గుంజుకుని "వీపీఎన్ సర్వర్ నడుపుతాను, పోర్టు తెరవాలి, గల్లీ చిరునామా పనికిరాదు" అని రాశాను. చదివి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, ఎందుకోసమని మర్యాదగా రాసి అడిగాడు. "మాట పోయిన మా చెల్లెకు పాట పంపడానికి" అని రాశాను. నాలుగు రోజులు పడుతుందన్న పని ఆ సాయంత్రమే చేసిచ్చాడు.

తాళంచెవులు పుట్టిన క్షణం నేను కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. మా కాలంలో తాళంచెవి అంటే నడుముకు కట్టుకుని పడుకునేది. చూపించవలసిన తాళంచెవి ఉంటుందని ఎవరన్నా అంటే పిచ్చోడనేవాణ్ని. ఈ ఉత్తరాన్ని పోస్టాఫీసులో ఎవరు విప్పినా, దారిలో ఎవరు చదివినా, ఆ నలభై నాలుగు అక్షరాలు వాళ్లకు ఎందుకూ పనికిరావు. నీకు మాత్రం ఇల్లు తెరుచుకుంటుంది. ఇంత నిబ్బరంగా ఉన్న తాళాన్ని నేను ఎన్నడూ చూడలేదు.

అక్షరాలు వెనక రాశాను. పెద్దవి పెద్దగా, చిన్నవి చిన్నగా. నేను రాస్తుంటే మీ అత్త ఒక్కొక్క దాని మీద వేలు పెట్టి సరిచూసింది. మూడు కాగితాలు చింపాం. ఆమెకు దొంగల భయం పోయింది. ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ "మా ఇంట్ల సర్వరున్నది" అని చెప్పుకుంటోంది.

మామ

—

సిరికొండ,
ఆగస్టు 9

మామా,

తెరుచుకుంది!

పొద్దున ఏడింటికి నీ అక్షరాలు కొట్టాను. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత చిన్న పచ్చ చుక్క. దాని వెనకే మీ ముందు గది కంప్యూటర్‌లో నేను పేర్లు పెట్టిన ఫోల్డర్లు ఒక్కొక్కటీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఇది ఎట్లా పనిచేస్తుందో నాకు తెలుసు, నీకు పాఠం చెప్పిందే నేను. అయినా ఒక్కొక్క పేరూ పైకి చదివి చూసుకున్నాను. మధ్యలో నిజామాబాద్, ఎన్నో ఊళ్లు, ఇంత అడవి. అవేవీ లేనట్టు ఉంది.

వర్ని ఊరి దగ్గర తీసిన వరి నాట్ల వీడియో పెట్టాను. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పాట మొదలు కాగానే తల ఎత్తింది. అది తన గొంతని గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎవరో పెద్దమనిషి ఇంటికి వచ్చినట్టు కొంగు సర్దుకుంది మామా. అయిపోయేదాకా రెప్ప వేయలేదు. అయిపోయాక ఎడమచేత్తో ల్యాప్‌టాప్‌ను నా వైపు తోసింది, ఇంకొకటి పెట్టమని.

నోరు కదలలేదు. కాని ఏప్రిల్ తర్వాత అమ్మ అన్నం, నీళ్లు కాకుండా ఇంకొకటి కావాలని అడగడం ఇదే మొదలు. ఇక రోజూ ఏడింటికి వస్తాను. యంత్రాన్ని ఆపకు.

సింధూ

—

శక్కర్‌నగర్, బోధన్,
ఆగస్టు 17

బిడ్డా,

నీకు నవ్వు రావచ్చు. నేను రోజూ ఏడింటికి స్నానం చేసి ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను.

నాకు రోలర్ల చప్పుడు వినబడడం మానేసిన తర్వాత కూడా పదేళ్లు కొలువు చేశాను. ఎట్లా చేశానంటే చేత్తో. బేరింగు మీద అరచేయి పెడితే అది ఎట్లా ఉందో తెలుస్తుంది. అదే అలవాటుతో ఆ డబ్బా మీద చేయి పెట్టాను. ఏడు కాకముందు లోపల డిస్కు సన్నగా, ఒకే తీరుగా తిరుగుతూ ఉంటుంది. నువ్వు రాగానే లోపల ఏదో చిన్నగా గీరినట్టు ఉంటుంది. తర్వాత గరగరమని వణుకు. నువ్వు వచ్చావని నాకు తెలుస్తుంది. వణుకు ఆగి ఆగి వస్తుంటే పాట పోతోందని తెలుస్తుంది. ఏ పాటో తెలియదు. చెల్లె పాడుతోందని తెలుసు, అంతే చాలు.

చెల్లె పాట విని నాకు పంతొమ్మిదేళ్లయింది. ఇప్పుడు నా అరచేతి కింద నుంచి నీ దగ్గరికి పోతోంది. నిన్న పొద్దున ఏడుపు ఆగలేదు. మీ అత్త చూసి తను కూడా చేయి పెట్టింది. "నాకేం తెలుస్తలేదు" అంది. ముప్పై నాలుగేళ్ల కొలువు లేనిదే తెలియదని చెప్పాను.

చెల్లె నోరు కదిలితే వెంటనే రాయి.

మామ

—

సిరికొండ,
సెప్టెంబరు 14

మామా,

ఇన్ని రోజులు రాయలేదంటే మంచి వార్త కోసం ఆగాను. రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అమ్మ రోజూ ఏడింటికి నాకంటే ముందే లేచి కూర్చుంటుంది. పాటకు తల ఊపుతుంది, ఎడమచేత్తో మంచం పట్టె మీద దరువు వేస్తుంది. నచ్చని పాటకు మొహం ముడుస్తుంది. పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం రావడం లేదు. డాక్టరమ్మ నిన్న చూసి, మంచిదే కాని చాలదు అంది. దసరాకు ఇంకా ఎన్నో రోజులు లేవు. నాకు భయంగా ఉంది మామా. బడిలో పిల్లలు గొడవ చేస్తుంటే ఇదివరకు అరిచేదాన్ని, ఇప్పుడు అరవబుద్ధి కావడం లేదు. మాట్లాడనీ అనిపిస్తోంది.

ఇప్పటికి ఇరవై మూడు పాటలు ఏరి ఇక్కడ దాచుకున్నాను. మొత్తం పాటలు మూడు వందల పైనే ఉంటాయి. దసరా కాగానే తీరిగ్గా మిగతావి ఒక్కొక్కటే తెచ్చుకుంటాను. అంతవరకు ఆ ముసలి డిస్కు నీ చేతి కింద చల్లగా ఉండాలి.

సింధూ

—

సిరికొండ,
అక్టోబరు 3

మామా,

నిన్న దసరా పొద్దున ఏడింటి నుంచి మీ సొరంగం పలకడం లేదు. ఐదారుసార్లు పిలిచాను. అత్తకు ఫోన్ చేస్తే "మామ పూజల ఉన్నడు, అంత మంచిగనే ఉన్నది" అని పెట్టేసింది. ఇవాళ కూడా లేదు. ఏమైంది?

నిన్న ఇక్కడ ఒకటి జరిగింది. ఇప్పుడు రాయలేను. నేను సరిగ్గా చూశానో లేదో నాకే నమ్మకం లేదు. డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చి రాస్తాను. నువ్వు మాత్రం వెంటనే జవాబు రాయి.

సింధూ

—

శక్కర్‌నగర్, బోధన్,
అక్టోబరు 7

సింధూకు,

ఉత్తరం అందింది. ఇక్కడ కరెంటు సరిగా ఉండడం లేదు. చూస్తున్నాను. చెల్లెకు ఏం జరిగిందో దాచకుండా రాయి. వానలు ఇంకా తగ్గలేదు.

మామ

—

శక్కర్‌నగర్, బోధన్,
అక్టోబరు 10

బిడ్డా,

మొన్న రాసింది అబద్ధం. కరెంటు బాగానే ఉంది. పాపం నాది.

ఫ్యాక్టరీ నడిచిన కాలంలో దసరా నాడు తిరిగే యంత్రం ఉండేది కాదు. అన్నీ ఆపి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ రోజంతా పని చెప్పకుండా ఉండేవాళ్లం. ఏడాదంతా మనకోసం తిరిగినదానికి ఒక్కరోజు సెలవు. ముప్పై నాలుగేళ్లలో ఒక్క దసరా తప్పలేదు. ఆ పొద్దున స్నానం చేసి వచ్చి దాన్ని చూస్తే రెండు నెలలుగా రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంది. చెల్లె కోసం ఇంత చేసిన యంత్రానికి సెలవు ఇవ్వకపోతే నేనేం మనిషిని అనుకున్నాను. నువ్వు వచ్చే వేళ అని తెలుసు. ఒక్క రోజే కదా, పండగ పూట నువ్వూ ఏమీ అనుకోవు అనుకున్నాను. ఆపాను. బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి దండం పెట్టాను.

మర్నాడు మీట నొక్కితే దీపం వెలిగింది. చేయి పెట్టాను. డిస్కు తిరగడం లేదు. ఒక్కసారి ఎగిసి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. నిజామాబాద్ తీసుకుపోయి మూడు దుకాణాల్లో చూపించాను. లోపల పట్టేసింది, అందులోది ఏదీ రాదు అని ముగ్గురూ ఒకే మాట అన్నారు.

ముసలి బేరింగు వేడి మీద తిరుగుతున్నంతసేపు తిరుగుతుంది, ఆపితే చల్లారి పట్టేస్తుంది, దాన్ని ఆపొద్దు అని కొత్తగా చేరిన ప్రతివాడికి నేర్పింది నేనే. నాకు తెలుసు సింధూ. తెలిసీ దండం పెట్టాలన్న తొందరలో మరిచాను. పదకొండేళ్ల నీ కష్టం పోయింది. చెల్లె గొంతును నా చేత్తో ఆపేశాను.

మీ అత్తను తిట్టకు, నేనే చెప్పొద్దన్నాను. దసరా నాడు అక్కడ జరిగింది ఏదైనా సరే, పాట రానందువల్లే అయితే అది కూడా రాయి. నేను వినాలి.

సిద్దిరాములు

—

సిరికొండ,
అక్టోబరు 15

మామా,

కూర్చుని చదువు. అత్తను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

దసరా పొద్దున అమ్మ ఏడింటికి ముందే వచ్చి కూర్చుంది. పిలిచాను, నువ్వు పలకలేదు. మళ్లీ మళ్లీ పిలిచాను. అమ్మ ఊరుకోలేదు, ల్యాప్‌టాప్ మీద ఎడమచేత్తో చరిచింది. నా దగ్గర దాచిన ఇరవై మూడింట్లో ఒకటి పెడితే మొహం ముడిచింది. అవి విని విని విసిగింది, కొత్తది కావాలి. ఉండమ్మా, మామకు ఫోన్ చేస్తా అని బయటికి పోయాను. అత్తతో మాట్లాడి లోపలికి వస్తుంటే పాట వినబడింది. సొరంగం తెరుచుకుంది అనుకున్నాను. చూస్తే ల్యాప్‌టాప్ మూసి ఉంది.

పాడుతున్నది అమ్మ.

గొంతు బొంగురుగా, గాలి ఎక్కువ, రాగం తక్కువ. మొదట ఉయ్యాలో అన్న మాట ఒక్కటే వచ్చింది. ఆగి, మింగి, మళ్లీ ఎత్తింది. "మబ్బు దిగి వచ్చింది ఉయ్యాలో, మా యన్న తడిసిండు ఉయ్యాలో, గొంగడి కప్పరే ఉయ్యాలో." ఒక్క మాట తడబడలేదు. మంచినీళ్లు అనలేని మనిషి! గడప దగ్గరే కూర్చుని విన్నాను. మూడుసార్లు పాడి అలిసిపోయి పడుకుంది. మామా, నేను పదకొండేళ్లు అమ్మ వెంట తిరిగాను. ఈ పాట నా దగ్గర లేదు. ఆ డిస్కులో లేదు. నేను ఎన్నడూ వినలేదు. ఇది మీ అమ్మ పాడేదా? నీ చిన్నప్పటిదా? నువ్వే చెప్పాలి.

నీకు వెంటనే రాయకపోవడం నా తప్పు. ఒక్కసారి వచ్చి పోతుందేమో, నీకు ఆశ పెట్టి తీసేయడం ఎందుకని ఆగాను. డాక్టరమ్మ ముందు కూడా పాడింది. ఆమె లేచి వచ్చి అమ్మ చేతులు పట్టుకుంది. దారి దొరికింది, ఇక పాటను కొంచెం కొంచెం మాట చేయాలి, కాని మాట వస్తుందని మాత్రం ఒట్టు వేయలేను అంది.

నిన్న సాయంత్రం నీ ఉత్తరం వచ్చింది. నీ ఉత్తరాలన్నీ అమ్మకు చదివి వినిపిస్తాను, ఇదీ చదవడం మొదలుపెట్టాను. డిస్కు దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు ఆగి మళ్లీ మొదలుపెట్టాను. నాకు బాధ లేదని అబద్ధం చెప్పను. ఆ మిగతా నాట్ల పాటలు, ఆ బతుకమ్మ పాటలు, నేను ఇంకా తెచ్చుకోనివన్నీ ఇక లేవు. చెల్లె గొంతును నా చేత్తో ఆపేశాను అన్నచోట ఇక చదవలేక కాగితం మడిచాను.

అమ్మ నా మోకాలు తట్టింది. పాడుతుందేమో అనుకున్నాను. పాట కాదు మామా. ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకుని, నా మొహం కేసి చూస్తూ, మామూలుగా మనుషులు మాట్లాడినట్టు మాట్లాడింది. నేను రాసుకున్నాను, ఒక్క అక్షరం మార్చకుండా పంపుతున్నాను.

"అన్నకు... రాయి. పోతె... పోనియ్. నేను... ఉన్న గద."

సింధూ